కలివి పొద కింద ఎవరుంటారు? సీమ అడవుల్లో చెట్టూ జంతువుల సహభోజకత్వం: తరచుగా అడిగే ప్రశ్నలు

కడప, కర్నూలు, అనంతపురం పక్క డిగ్రీ పిల్లల్ని అడవి అంచులకు తీసుకుపోయి చూపించడం నాకు చాలా ఏళ్ళ అలవాటు. పిల్లలు అడిగినవీ, వాళ్ళ అమ్మానాన్నలు అడిగినవీ, దారిలో జీవాలు మేపుకునే పెద్దలు అడిగినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. 2022లో కొత్త జిల్లాలు వచ్చాయి, నంద్యాల, శ్రీ సత్యసాయి, అన్నమయ్య విడిపోయాయి. అడవికి ఆ గీతలతో పని లేదు కాబట్టి పాత మూడు జిల్లాల లెక్కలోనే మాట్లాడతాను.

సహభోజకత్వం అంటే ఏమిటి?

రెండు జీవులు దగ్గర దగ్గరగా బతుకుతున్నప్పుడు ఒకదానికి మేలు జరిగి, రెండోదానికి లాభమూ నష్టమూ లేకపోతే దాన్ని సహభోజకత్వం అంటారు. ఇద్దరికీ లాభమైతే అన్యోన్యాశ్రయం. ఒకరు బాగుపడి ఇంకొకరు నష్టపోతే పరాన్నజీవనం. ఇంటర్ పుస్తకంలో వీటినే ప్లస్, మైనస్, సున్నా గుర్తులతో రాస్తారు.

1870ల్లో బెల్జియం జంతుశాస్త్రజ్ఞుడు పియర్ జోసెఫ్ వాన్ బెనెడెన్ ఈ మాటను (ఇంగ్లీషులో కమెన్సలిజం) శాస్త్రంలోకి తెచ్చాడు. లాటిన్‌లో మెన్సా అంటే భోజనాల బల్ల. మనకు పంక్తి భోజనం అనుకోండి. వెయ్యిమంది తినే పెళ్ళిలో దారిన పోయే మనిషి ఒకడు చివరి ఆకు ముందు కూర్చుని తిని, చేయి కడుక్కుని వెళ్ళిపోయాడు. వాడి కడుపు నిండింది, పెళ్ళివాళ్ళకు తెలియనే లేదు. తర్వాత తర్వాత ఈ మాట తిండిని దాటి పెరిగింది. నీడ, గూడు కట్టే కొమ్మ, దాక్కునే పొద, ఒకచోటి నుంచి ఇంకోచోటికి మోసుకుపోవడం, అన్నీ ఇందులోకే వస్తాయి. చెట్టుకూ జంతువుకూ మధ్య ఎక్కువగా కనిపించేవి ఇవే.

ఉష్ణమండల అడవి అంటే అమెజాన్ కదా, మన ముళ్ళ అడవి ఆ లెక్కలోకి వస్తుందా?

తప్పకుండా వస్తుంది. కర్కటరేఖ ఇరవై మూడున్నర డిగ్రీల దగ్గర ఉంటే మన మూడు జిల్లాలూ దాదాపు 14, 16 డిగ్రీల మధ్యనే ఉన్నాయి. కాకపోతే మనది తడి అడవి కాదు. నల్లమల, శేషాచలం, పాలకొండల్లో ఎక్కువ భాగం ఎండాకాలం ఆకు రాల్చే అడవి. కిందికి దిగేకొద్దీ, అనంతపురం వైపు పోయేకొద్దీ ముళ్ళపొదలు, బీళ్ళు వస్తాయి. అనంతపురంలో ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూనే వాన పడుతుంది.

దీని వల్ల వచ్చే తేడా ఒకటుంది. అమెజాన్‌లో సహభోజకత్వమంటే కొమ్మ కొమ్మకూ నాచు, చెట్ల మీదే పెరిగే ఆర్కిడ్ మొక్కలు, అనాస జాతి మొక్కలు, ఆ అనాస జాతి మొక్కల ఆకుల గిన్నెల్లో నీళ్ళు, ఆ నీళ్ళలో కప్పలు. మన గాలిలో అంత తేమ లేదు. ఇక్కడ ఆ సంబంధాలన్నీ ముల్లు చుట్టూ, తొర్ర చుట్టూ, నీడ చుట్టూ అల్లుకుని ఉంటాయి. తల పైకెత్తి వెతికేవాళ్ళకు ఇక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది. మోకాళ్ళ మీద వంగి చూడాలి.

మన ప్రాంతానికే ప్రత్యేకమైన ఉదాహరణ ఒకటి చెప్పండి.

కలివికోడి. పేరులోనే సంబంధం ఉంది, కలివి పొదల్లో ఉండే కోడి అని.

ముందు పొద సంగతి. కలివి మనకు తెలిసిందే: జంట ముళ్ళు, తుంచితే పాలు, మల్లెలాంటి తెల్లపూలు, పండితే నల్లగా నిగనిగలాడే తీపి పండు. నడుమెత్తు నుంచి తలకు పైదాకా గుబురుగా పెరుగుతుంది. పక్కనే రేగు, తుమ్మ, ఇతర కంప. ఒక పొదకూ ఇంకో పొదకూ మధ్య నేల ఖాళీగా ఉంటుంది.

ఆ ఖాళీ నేల మీద రాత్రిపూట తిరిగే పక్షి కలివికోడి. జానెడు కంటే కాస్త పెద్దది, పొడుగు కాళ్ళు, కంటి పైన తెల్లని చార, ఎద మీద రెండు పట్టీలు. 1848లో డాక్టర్ జెర్డన్ అనే పక్షిశాస్త్రజ్ఞుడు దీన్ని లోకానికి చెప్పాడు. 1900లో అనంతపురం దగ్గర పెన్నా లోయలో కనిపించాక మళ్ళీ ఎవరికీ దొరకలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్, కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర, స్థానిక వేటగాళ్ళ సాయంతో దాన్ని తిరిగి కనిపెట్టాడు. దాని కోసమే కడప జిల్లాలోని లంకమల కొండల అడవి శ్రీ లంకమల్లేశ్వర అభయారణ్యం అయింది.

ఇది చెదలు, పురుగులు తింటుంది. కలివి పండ్లు దాని తిండి కాదు, కాబట్టి గింజలు మోయదు. పొద దానికి పగలు నీడ, శత్రువు కన్ను పడకుండా మరుగు. మరి పొదకు ఏం ఒరిగింది? మనకు తెలిసినంతలో ఏమీ లేదు, పోయిందీ లేదు. ఇదే అసలైన సహభోజకత్వం.

ఇందులో నన్ను బాగా కదిలించేది ఒక లెక్క. ఈ పక్షిని కంటితో చూడటం కష్టమని, పరిశోధకులు పొదల మధ్య మెత్తని మన్ను పరిచి, చదును చేసి, తెల్లారి వచ్చి అడుగుల గుర్తులు వెతికేవారు. అలా తేలిందేమిటంటే, హెక్టారుకు రెండు మీటర్ల కంటే ఎత్తున్న పొదలు 300 నుంచి 700 దాకా, చిన్న పొదలు 1000 లోపు ఉన్న చోటే దానికి ఇష్టం. మరీ పలచనైతే మరుగు లేదు, మరీ చిక్కనైతే పరిగెత్తను చోటు లేదు. పొదకు పక్షితో పని లేకపోయినా, పక్షి బతుకు మాత్రం పొదల లెక్క మీదే నిలబడి ఉంది. చాలామంది ‘సున్నా’ అన్న మాట విని ఈ సంబంధం బలహీనమైనదనుకుంటారు. సున్నా ఉండేది చెట్టు వైపు మాత్రమే.

ఒకే పొదకు రకరకాల సంబంధాలు ఉండొచ్చా?

ఉంటాయి. అదే కలివి పండును పిగిలిపిట్ట మింగి, గింజను ఇంకోచోట రెట్టలో వేస్తుంది. పిట్టకు పండు, చెట్టుకు ప్రయాణం, కాబట్టి అది అన్యోన్యాశ్రయం. మేక చిగురు కొరికితే చెట్టుకు నష్టం. ఊసరవెల్లి ఒక కొమ్మను కాళ్ళతో పట్టకారులా పట్టుకుని, అదే రంగులో కలిసిపోయి మిడతకు నాలుక విసిరితే చెట్టుకు పట్టింపు లేదు. పిల్లలు ‘ఈ చెట్టు ఏ రకం సార్?’ అని అడుగుతుంటారు. చెట్టుకు రకం ఉండదు, జతకే ఉంటుంది. ఆ జత కూడా అన్ని కాలాల్లో ఒకేలా ఉంటుందని లేదు.

పల్లేరు, ఉత్తరేణి గింజలు మనకూ గొర్రెలకూ అంటుకోవడం కూడా ఇదేనా?

అవును, ఇక్కడ మేలు పొందేది మొక్క. మన చోట చూడటానికి ఇంతకంటే తేలికైన ఉదాహరణ లేదు.

ఉత్తరేణి కంకిని ఒకసారి కంటి దగ్గర పెట్టుకుని చూడండి. పువ్వప్పుడు పైకి చూసినవన్నీ కాయయ్యేసరికి కాడకు ఆనుకుని కిందికి వంగుతాయి. ప్రతి కాయకూ గట్టి ముళ్ళున్నాయి. పంచె అంచు కింద నుంచి పైకి రాసుకుంటూ పోతే ఒక్కటీ వదలకుండా పట్టుకుంటాయి. అదే కంకిని పై నుంచి కిందికి వేలితో దువ్వండి, అంతగా గుచ్చుకోదు. జంతువు ఏ వైపు నుంచి రాసుకుని పోతుందో మొక్కకు తెలిసినట్టే ఉంటుంది.

తేలుకొండికాయ ఇంకా విచిత్రం. ఎండిన నల్లటి గట్టి కాయకు కొక్కేల్లాంటి కొనలు రెండు. మెక్సికో నుంచి వచ్చి మన వంకల పక్కన, దిబ్బల మీద స్థిరపడింది. కొన్ని ఊళ్ళలో గరుడముక్కు అంటారు. మరులమాతంగి కాయ సంగతి జీవాల కాపరులకు చెప్పక్కర్లేదు. ఒకసారి అనంతపురం పక్క ఒక కాపరిని, బొచ్చులో ఇన్ని చిక్కుకుంటాయి కదా, ఏం చేస్తావని అడిగాను. ‘ఏం చేసేది సామీ, కత్తిరించేటప్పుడు ఏరుకుంటాం. పోయినేడు ఈ దొడ్డిలో ఈ ముల్లు లేదు, మా జీవాలే తెచ్చినాయి’ అన్నాడు. గింజలు ఎలా వ్యాపిస్తాయో దీనికంటే బాగా నేను తరగతిలో చెప్పలేను.

స్విట్జర్లాండ్ ఇంజినీరు జార్జ్ ద మెస్ట్రాల్ 1941లో తన కుక్క బొచ్చుకు అంటుకున్న ఇలాంటి ముళ్ళకాయలను సూక్ష్మదర్శినిలో చూశాడు. చెప్పులకూ సంచులకూ వాడే వెల్క్రో పట్టీ అలా పుట్టింది.

కానీ పల్లేరు గుచ్చుకుంటే నొప్పి కదా? అది నష్టం కాదా?

మంచి ప్రశ్న. పల్లేరుకాయ ఎండాక అయిదు ముక్కలవుతుంది. ఒక్కో ముక్కకు పెద్ద ముళ్ళు రెండు, చిన్నవి రెండు. ఎలా పడినా ఒక ముల్లు పైకే చూస్తుంది. గొర్రె గిట్టల సందులో దిగితే కుంటుతుంది, పుండవుతుంది. ఈటె మొనలాంటి గింజలున్న గడ్డి ఇంకా ఘోరం. దాని తోక తడికీ ఎండకూ మెలి తిరుగుతూ గింజను బొచ్చులోంచి చర్మంలోకి దించుతుంది. ఆ జత సహభోజకత్వం దాటిపోయినట్టే. బొచ్చుకు తగిలి ఊరికే ప్రయాణించే ఉత్తరేణి ఒక కొస, చర్మంలో దిగే గడ్డిగింజ ఇంకో కొస. మధ్యలో గీత ఎక్కడ గీయాలన్నది ఆ జీవం పడే బాధను బట్టి ఉంటుంది.

గిజిగాడి గూడు వల్ల ఈతచెట్టుకు నష్టమా? మిణుగురులతో దీపం పెట్టుకుంటుందన్నది నిజమేనా?

గిజిగాడు ఈత, తాటి, తుమ్మ కొమ్మలను ఎంచుకుంటుంది, అదీ బావి మీదికో కుంట మీదికో వంగిన కొమ్మైతే మరీ ఇష్టం. పాము, ఉడత అక్కడికి రావడం కష్టం. చెట్టు ముల్లూ ఎత్తూ పిట్టకు కాపలా కాస్తాయి. చెట్టుకు పడే భారం మాత్రం లెక్కలోకి రాదు. ఈత ఆకునే చీల్చి పీచు తీసినప్పుడు కొంత గాయమవుతుంది కానీ, ఎక్కువగా గడ్డి, వరి ఆకులే దాని సరుకు.

పని దాదాపు మొత్తం మగపిట్టది. పచ్చి ఆకు అంచు కొరికి, ఎగురుతూ లాగితే పొడుగాటి పీచు వస్తుంది. గూడు సగానికి వచ్చి, తలపాగా ఆకారం కాగానే ఆగిపోతుంది. ఆడపిట్ట వచ్చి లోపలా బయటా తిరిగి చూస్తుంది. నచ్చితేనే మిగతా సగం, కిందికి వేలాడే గొట్టం దారి పూర్తవుతాయి. నచ్చకపోతే ఆ తలపాగా అలాగే వేలాడుతూ ఎండిపోతుంది. జూలై, ఆగస్టుల్లో వానలు బాగా పడిన ఏడాది ఏ ఊరి బావి గట్టున నిలబడ్డా ఈ రెండు రకాల గూళ్ళూ కనిపిస్తాయి.

లోపల బంకమట్టి ముద్దలు అతికించడం నిజం. అవి గూడు గాలికి మరీ ఊగిపోకుండా ఉండటానికి పనికొస్తాయని పక్షులను చదివినవాళ్ళ అభిప్రాయం. మిణుగురుల దీపం మాత్రం మన అవ్వలు చెప్పిన కథ. నాకూ ఆ కథ ఇష్టమే.

చెట్టు తొర్రలో ఎవరెవరు ఉంటారు? తొర్ర చెట్టుకు జబ్బు కాదా?

తొర్ర మొదలయ్యేది విరిగిన కొమ్మ దగ్గరో, పుచ్చిన కట్టెలోనో. వడ్రంగిపిట్ట ఎక్కువగా చచ్చిన, మెత్తబడిన కట్టెనే తొలుస్తుంది. మాను నడిమి కట్టె ఎలాగూ ప్రాణం లేనిదే. పైన బెరడు కింది పొరే చెట్టును బతికిస్తుంది. అందుకే డొల్లయిన చింత కూడా ఏటా కాస్తుంది.

వడ్రంగిపిట్ట వదిలేశాక ఇల్లు ఖాళీగా ఉండదు. రామచిలుక దూరుతుంది. గోరువంక గడ్డిపరకలు తెస్తుంది. పాలపిట్టకు సొంతంగా తొలిచే ముక్కు లేదు, దొరికిన తొర్రలోనే గుడ్లు పెట్టాలి. పగటిపూట తొర్ర నోట్లోంచి చిన్న గుడ్లగూబ మొహం పెట్టి తల ఆడిస్తూ చూస్తుంది. వీళ్ళెవరూ మానుకు అద్దె కట్టరు, మానును తినరు. మార్చి, ఏప్రిల్లో ఒక తొర్ర కోసం చిలుకలూ గోరువంకలూ పడే గొడవ చూస్తే, అడవిలో ఇంటి కరువు ఎంతుందో తెలుస్తుంది. ఎండిన చెట్టు కదా అని కొట్టేస్తే పోయేది కట్టె ఒక్కటే కాదు.

వానాకాలం తొర్రలో నీళ్ళు నిలుస్తాయి. చెట్టుకప్పలు తేమ కోసం అక్కడ నక్కుతాయి, దోమ లార్వాలు పెరుగుతాయి. కొన్ని ఈడిస్ దోమలకు అసలు ఇల్లు చెట్టు తొర్రే. తర్వాతే మన పాత టైర్లకూ కుండలకూ అలవాటు పడ్డాయి. ఇంటి వాకిట్లో చెట్టుకు అలాంటి తొర్ర ఉంటే మట్టితోనో ఇసుకతోనో నింపండి. అడవిలోది అడవికి వదిలేయండి.

దేవాంగపిల్లిని తొర్ర జంతువుల్లో కలిపేస్తుంటారు. అది పగలు ఎక్కువగా కొమ్మల గుబురులో ఉండలా చుట్టుకుని నిద్రపోతుంది, రాత్రి పురుగుల కోసం మెల్లగా కొమ్మ కొమ్మా పాకుతుంది. దానికి కావలసింది కొమ్మలు ఒకదానికొకటి అందుకునే చెట్లు. మధ్యలో దారి వేసి నాలుగు చెట్లు తీసేస్తే దాని ఊరు రెండు ముక్కలైనట్టే.

తాటిచెట్టు మీద మర్రి మొలవడం సహభోజకత్వమేనా?

మొదట్లో అవును, చివరికి కాదు. పిట్ట మర్రిపండు తిని తాటిమట్టల సందులో రెట్ట వేస్తుంది. అక్కడ చేరిన దుమ్ములో గింజ మొలుస్తుంది. కొన్నేళ్ళు అది తాటికి ఏ హానీ చేయని అతిథి, వెలుతురు కోసం ఎత్తైన చోటు దొరికింది, అంతే. తర్వాత వేళ్ళు మాను చుట్టూ దిగి నేల తాకుతాయి. అప్పుడు మర్రి బలుస్తుంది, తాటిని చుట్టేస్తుంది, దాని తలపై నీడ కమ్ముతుంది. ఒకే జత, పదేళ్ళకు ఒక పేరు, యాభై ఏళ్ళకు ఇంకో పేరు. పిట్టకూ మర్రికీ మధ్య మాత్రం మొదటి నుంచీ ఇద్దరికీ లాభమే. మేడిపండు, మర్రిపండు పొట్టలో పురుగులనేవి కూడా చాలావరకు పరాగం మోసే చిన్న కందిరీగలు. అవి లేకపోతే మర్రికి గింజే లేదు.

కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను 1989లో గిన్నిస్ పుస్తకానికెక్కింది. దాని కొమ్మల విస్తీర్ణం 19,107 చదరపు మీటర్లు, అంటే దాదాపు అయిదు ఎకరాలు. అక్కడికి పోతే దండం పెట్టుకుని వెంటనే తిరిగి రాకండి. ఒక ఊడ పక్కన అరగంట కూర్చుని ఎన్ని రకాల పిట్టలు, సాలీళ్ళు, ఉడతలు, చీమలు ఆ నీడను వాడుకుంటున్నాయో రాసుకోండి.

బదనిక కూడా ఆర్కిడ్ లాంటిదేనా?

మన పక్క ఈ పేరు రెండింటికీ వాడతారు, గందరగోళం అక్కడే. మామిడి కొమ్మ మీద లావాటి వేళ్ళు బయటే పాకుతూ, సన్నని పొడుగాకులతో ఉండే వాండా ఆర్కిడ్ కొమ్మ రసం తాగదు. అది సహభోజి. ఎర్రటి గొట్టం పూలతో, కొమ్మతో అతుక్కున్న చోట బుడిపె కట్టి ఉండేది అసలు బదనిక. దాని వేరు కొమ్మ లోపలికి దిగి నీళ్ళూ లవణాలూ లాగుతుంది. అతుకు దగ్గర చూస్తే చాలు, తేడా పట్టేయొచ్చు. రైతు కొట్టేయాల్సింది రెండోదాన్నే. ఆర్కిడ్‌ను పీకి ఇంటికి తెచ్చుకోకండి, దాదాపుగా బతకదు.

తేనెతుట్టె పెట్టిన చెట్టుకు లాభమా, నష్టమా?

కొండతేనె ఈగలు నల్లమలలో పెద్ద మాను కొమ్మకో కొండచరియకో తుట్టె వేలాడదీస్తాయి. ఆ మానుకు తుట్టె వల్ల ఏమీ జరగదు. అదే మాను పూసినప్పుడు ఆ ఈగలే పరాగం మోస్తే లెక్క మారిపోతుంది.

ఎద్దూ కొంగా ఉదాహరణ పరీక్షలో రాయొచ్చా?

రాయొచ్చు, మార్కులు వస్తాయి. ఎద్దు నడిస్తే గడ్డిలోంచి లేచే పురుగులను కొంగ తింటుంది. కానీ అది రెండు జంతువుల జత. ప్రశ్న చెట్టూ జంతువుల గురించైతే ఉత్తరేణీ గొర్రే, కలివీ కలివికోడీ రాయండి. సొంతంగా చూసింది రాస్తే దిద్దేవాళ్ళకు తెలిసిపోతుంది.

ఆ ‘సున్నా’ నిజంగా సున్నానేనా? ఎలా తెలుస్తుంది?

అదే అన్నిటికంటే కష్టం. లాభం కళ్ళకు కనిపిస్తుంది, ఏమీ లేకపోవడం కనిపించదు. గూళ్ళున్న ఈతచెట్లు కొన్ని, లేనివి కొన్ని ఎంచి, కొన్నేళ్ళు ఆకులూ గెలలూ లెక్కపెట్టి పోల్చాలి. తేడా తేలకపోతే అప్పుడు సున్నా అనొచ్చు, అదీ మన కొలత ఎంత సన్నగా ఉందో అంతవరకే. పిట్టల రెట్ట చెట్టు మొదట్లో పడి ఎరువైతే చిన్న ప్లస్. గూళ్ళ బరువుకు మట్ట విరిగితే చిన్న మైనస్. కొందరు దీన్ని సాకుగా తీసుకుని సహభోజకత్వమే లేదంటారు. నేను ఒప్పుకోను. ఆ పొద కింద పక్షి ఉందా, లేదా అన్నదానికి మెత్తని మన్ను మీది అడుగులు సాక్ష్యం. పొదకు ఏమైందో తెలియడానికి ఇంకా ఓపిక పట్టాలి, అంతే.

స్వయంగా చూడాలంటే ఎక్కడ, ఎప్పుడు?

అభయారణ్యంలోకి అటవీశాఖ అనుమతి లేకుండా పోవద్దు. రాత్రి టార్చీలు పట్టుకుని, ఫోన్లో పక్షి కూత వినిపిస్తూ లంకమలలో తిరగడం అసలే వద్దు. కలివికోడి పొద్దుగూకిన ముక్కాలు గంటకు కాసేపు మాత్రమే కూస్తుంది. ఆ కాసేపూ మన వల్ల చెడగొట్టకూడదు.

చూడటానికి ఊరి చెరువుకట్ట చాలు. వానాకాలం గిజిగాడు. సంక్రాంతి ముందు ఉత్తరేణి, మరులమాతంగి: ఒక పాత ఉన్ని గుడ్డను కర్రకు చుట్టి బీట్లో వంద అడుగులు ఈడ్చి, అంటుకున్న గింజలు లెక్కపెట్టండి. మబ్బుతో, అంటే తెల్లారకముందే, లేచి వెళ్తే సాలీడు గూళ్ళ మీద మంచు పట్టి ఏ కొమ్మకు ఏ దారం కట్టిందో స్పష్టంగా కనిపిస్తుంది.

మా చేను గట్టు మీద కంప ఉంది. కొట్టేయాలా, ఉంచాలా?

ముందు అది ఏ కంపో చూడండి. సర్కారు తుమ్మ అయితే అది మనది కాదు. 1877 ప్రాంతంలో మన కడప జిల్లా కమలాపురంలోనే దాని గింజలు నాటారు. దాని తీపి కాయలు మేకలు తిని, గింజలు పెంటికల్లో చల్లుకుంటూ పోయాయి. దాని కింద వేరే మొక్క లేవడం కష్టం. దాన్ని వేరుతో తీయడంలో తప్పు లేదు, గూళ్ళున్నాయేమో చూసి, పిల్లలు ఎగిరిపోయాక తీయండి.

కలివి, రేగు, బలుసు, ఈత అయితే దయచేసి ఉంచండి. మొత్తం గట్టు శుభ్రంగా ఉండాలనుకుంటే మధ్య మధ్యలో పది అడుగుల ఖాళీ చేసి మిగతా పొదలను వదిలేయండి. కొట్టక తప్పనిచోట మొదలంటా కొట్టకుండా మోకాలెత్తు మోడు వదిలితే, మరుసటి వానకు కలివి మళ్ళీ చిగురిస్తుంది.